అమ్మమ్మ చీరె, తాత పంచె, 12 ఏళ్ళ పిల్ల లంగా: ఒక కేస్ స్టడీ

పాత చీరెను కోసి కొత్తగా ఏదైనా కుట్టేటప్పుడు చాలామంది ముందు టేపు చేతికి తీసుకుంటారు. నేను కూడా మొదటి కొన్నేళ్ళు అలాగే చేశాను. నేను కుట్టు నేర్చుకున్న కేంద్రంలో అంతా తాను నుంచి కోసిన కొత్త గుడ్డ మీదే నేర్పారు కాబట్టి, గుడ్డ అంతటా ఒకే బలంతో ఉంటుందన్న నమ్మకం నా చేతుల్లో నాటుకుపోయింది. అయితే ముప్పై ఏళ్ళు ఒక మనిషి ఒంటి మీద తిరిగిన చీరెలో ఏ రెండు జానల గుడ్డా ఒకే తీరుగా ఉండదు. అది ఎక్కడ అరిగింది, ఎందువల్ల అరిగింది అన్నది తేలిన తరువాతనే ఎక్కడ కోయాలో తేలుతుంది. ఈ కేసులో నేను ఆ పని చేశాననే అనుకున్నాను. అయినా ఒకచోట తప్పాను. ఆ తప్పును, దానిని సరిదిద్దిన తీరును దాచకుండా రాస్తున్నాను.

నేను నల్లగొండలో ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకొని కుడతాను. బతుకమ్మకు మూడు వారాల ముందు ఒక టీచరమ్మ సంచిలో రెండు బట్టలు తెచ్చారు. ఒకటి ఆమె తల్లి కట్టిన పోచంపల్లి నూలు చీరె, రెండవది తండ్రి పంచె. తల్లి పోయి ఆరేళ్ళయింది. "అక్కా, గీ చీరెను బీరువల వెట్టుకొని ఆరేండ్ల సంది సూసుడే అయితున్నది. కట్టుకుందామంటే యాడ సిరుగుతదో అని భయం. కొయ్యమందామంటే నోరొస్తలేదు. పిల్ల సద్దుల బతుకమ్మకు అమ్మమ్మ చీరెతోనే లంగా కావాలంటున్నది" అన్నారు. తరువాత కొంచెంసేపు ఆగి, కొంగును మాత్రం కోయవద్దని, దానిని అలాగే తిరిగి ఇవ్వమని కోరారు. నేను ఒప్పుకున్నాను. ఇలాంటి పనుల్లో దేనిని కోయకూడదో ముందే అడిగి తెలుసుకోవడం కొలతలు రాసుకోవడమంత అవసరం.

పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయే వరకు అది మా నల్లగొండ జిల్లాయే కాబట్టి ఈ నేత మా ప్రాంతంలో ప్రతి ఇంటి బీరువాలోనూ ఒకటైనా కనిపిస్తుంది. ఈ కేసుకు సంబంధించి దాని గురించి తెలుసుకోవలసిన విషయం ఒక్కటే. పోచంపల్లి నేతను ఇక్కత్ అంటారు. ఇందులో డిజైన్‌ను నేసిన గుడ్డ మీద అద్దరు. నూలును ముందే లెక్క ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, కట్టు ఉన్నచోట రంగు ఎక్కకుండా చేసి, ఆ తరువాత మగ్గం మీదికి ఎక్కిస్తారు. రంగు నూలులోనే ఉంటుంది కాబట్టి గుడ్డకు రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకే విధంగా కనిపిస్తుంది. అద్దకపు చీరెకు ఈ వీలు లేదు. ఎండకు, ఉతుకుడుకు పై వైపు వెలిసిపోయిన ఇక్కత్ చీరెను తిరగేసి లోపలి వైపును బయటికి తెచ్చి కుట్టుకోవచ్చు.

ఆ చీరె మెరూన్ రంగు నేల మీద తెల్లటి వజ్రాకారపు బుటాలతో, రెండు పక్కలా 3 అంగుళాల నల్లటి అంచుతో ఉంది. పొడవు 216 అంగుళాలు, పన్నా (వెడల్పు) 46 అంగుళాలు. మొదట ఫాల్ విప్పాను. ఫాల్ గుడ్డ లేచిన చోట, ముప్పై ఏళ్ళ కింద నేతగాడి ఇంటి నుంచి వచ్చిన నాటి రంగు అలాగే ఉంది. మిగిలిన చీరె ఇటుకరాయి రంగుకు దిగిపోగా, ఆ 5 అంగుళాల పట్టీ మాత్రం పండిన నేరేడు తొక్కలా ముదురుగా మెరిసింది. టీచరమ్మ ఆ పట్టీ మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

మా బోరు నీళ్ళు ఉప్పన, సబ్బు విరిగిపోయి గుడ్డకు తెల్లటి పొరలా పట్టుకుంటుంది. అందువల్ల పాత చేనేతను నేను కుంకుడు రసంతో, నల్లా నీళ్ళలో మాత్రమే ఉతుకుతాను. ఉతికే ముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది రంగు దిగదని చూసుకున్నాను. నీడలో ఆరవేసి, సాయంత్రానికి తీసి, గదిలో నేల మీద పొడవునా పరిచాను.

ఇక్కడి నుంచి చేసిన పనే ఈ కేసుకు ఆయువుపట్టు. చీరె కట్టుకునే ఆడవాళ్ళకు ఇది విప్పి చెప్పనక్కర లేదు కానీ, నేల మీద పరిచిన చీరె పక్కన మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కొక్క భాగం ఒంటి మీద ఎక్కడ ఉండేదో గుర్తు చేసుకుంటూ సుద్దతో గీతలు గీసుకోవాలి. లోపలి కొస నుంచి 40 అంగుళాల దాకా నడుముకు తిరిగే మొదటి చుట్టు. అక్కడి నుంచి 112 దాకా కుచ్చిళ్ళు. 112 నుంచి 150 దాకా రెండవ చుట్టు, అంటే బయటికి కనిపించేది. 150 నుంచి పైకి ఎద మీదుగా భుజానికి పోయి, 176 దగ్గర పిన్ను పెట్టుకునే చోటు వస్తుంది. మిగిలిన 40 అంగుళాలు వీపు మీద వేలాడే కొంగు.

ఈ లెక్కతో చూస్తే అరుగుదల దానంతట అదే చదవడానికి వస్తుంది. కూర్చున్నప్పుడు ఒత్తిడి పడేది రెండవ చుట్టు వెనక భాగం మీద. ఈ చీరెలో 122 నుంచి 138 వరకు గుడ్డ కిటికీ వెలుగుకు పట్టి చూస్తే జల్లెడలా కనిపించింది, ఆ కింద మడమ దగ్గర అంచు కూడా చివికిపోయింది. భుజం దగ్గర నాలుగు పిన్నుల రంధ్రాలు సాగి ఉన్నాయి. కుచ్చిళ్ళ భాగం మాత్రం దాదాపు కొత్తదానిలా ఉంది. మడతల్లో ఒకదాని వెనక ఒకటి దాక్కొని ఉంటుంది కాబట్టి దానికి ఎండా తగలదు, రాపిడీ ఉండదు. కింద ఫాల్ కాపాడింది. ఏ పాత చీరె తెచ్చినా నేను ముందుగా కుచ్చిళ్ళ భాగాన్నే వెతుకుతాను, ఇంతవరకు అది నన్ను నిరాశపరచలేదు.

తరువాత లాగి చూసే పరీక్ష. రెండు బొటనవేళ్ళ మధ్య రెండంగుళాల గుడ్డ పట్టుకొని, పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి, నెమ్మదిగా బలం పెంచుతూ లాగాలి. చీరె పొడవునా పోయేది పడుగు, అంచు నుంచి అంచుకు పోయేది పేక. ఒంటికి చుట్టుకున్నప్పుడు పడుగు అడ్డంగా వస్తుంది, కూర్చున్నప్పుడు పిరుదుల దగ్గర సాగేది ఆ పోగులే. అందుకే పాత చీరెల్లో అక్కడి చిరుగు ఎప్పుడూ నిలువుగా పడుతుంది. మొదటి చుట్టులో, లోపలి కొస నుంచి 15, 25 అంగుళాల మధ్య, పై అంచు నుంచి 14 అంగుళాలు దిగిన చోట నాకు కొంచెం పలుచదనం కనిపించింది. లాగి చూశాను, నిలబడింది. ఇబ్బంది లేదనుకొని ముందుకు పోయాను.

పిల్ల కొలతలు ఇవి: నడుము 25, పిరుదులు 30, చాతి 28, లంగా పొడవు 34 అంగుళాలు. 0 నుంచి 112 దాకా ఒకే ముక్కగా తీస్తే లంగా చుట్టుకొలత అంతా వస్తుంది, ఒక్క నిలువు కుట్టుతో పని అయిపోతుంది, బుటా ఎక్కడా విరగదు. ఈ ఆశే నన్ను తొందరపెట్టిందని ఇప్పుడు అర్థమవుతోంది. కింది అంచును అలాగే ఉంచి 38 అంగుళాల ఎత్తు తీసుకున్నాను, పైన 8 అంగుళాల పట్టీ అంచుతో సహా మిగిలింది. లంగా పొడవు పోగా కుట్టుకు 1 అంగుళం, పిల్ల ఎదుగుదలకు 3 అంగుళాలు. గుడ్డను తిరగేసి లోపలి వైపును పైకి తెచ్చినప్పుడు ఫాల్ కింద దాగిన ముదురు రంగు పట్టీ అంచు పైన 2 అంగుళాల మేర కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎదుగుదలకు వదిలిన 3 అంగుళాలను సరిగ్గా అంచు మీదుగా అడ్డపు టక్‌గా పట్టేస్తే ఆ పట్టీ మడతలోకి పోతుంది. ఒకే మడత రెండు పనులు చేసింది.

లైనింగ్‌కు పంచెను వాడడం టీచరమ్మ కోరిక, నాకు అది పనిపరంగా కూడా నచ్చింది. కొత్త లైనింగ్ గుడ్డ ఎంత నానబెట్టినా మొదటి రెండు మూడు ఉతుకుల్లో కొంత కుదించుకుపోతూనే ఉంటుంది. అప్పుడు పైన ఉన్న పాత గుడ్డ ముడతలు పడి, కుట్ల దగ్గర లాగుడు మొదలవుతుంది. ఎన్నోసార్లు ఉతికిన పంచె కుదించుకోవలసినంతా ఎప్పుడో కుదించుకొని ఉంటుంది. ఈ 8 మూరల పంచెను పెద్దాయన పండుగలకు, పెళ్ళిళ్ళకు మాత్రమే కట్టేవారట, బలం కూడా బాగుంది. దారం విషయంలో నా పట్టుదల ఒకటి ఉంది. పాత నూలు గుడ్డకు పాలిస్టర్ దారం వాడను. దారం గుడ్డ కంటే గట్టిదైతే, లాగుడు వచ్చినప్పుడు దారం నిలబడి గుడ్డను కోసేస్తుంది. నూలు దారం, 11 నంబరు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి కుట్టాను. దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, చివికిన గుడ్డ మీద అది తపాలా బిళ్ళల మధ్య రంధ్రాల వరుస వేసినట్టే.

లంగా పూర్తయింది. కొలత చూడడానికి పిల్ల వచ్చి తొడుక్కుంది, అద్దం ముందు రెండుసార్లు తిరిగింది. బతుకమ్మ ఆటలో వంగి, లేచి, చప్పట్లు కొట్టడం ఉంటుంది కనుక అలా చేసి చూడమన్నాను, చేసింది. ఆ తరువాత నేల మీద సక్లముక్లం వేసుకొని కూర్చోమన్నాను. కూర్చున్న మరుక్షణమే ఆ చప్పుడు నాకూ వినిపించింది. పిల్ల లేవకుండా అలాగే నా మొహం చూసి, "పెద్దమ్మా, ఎనుక టర్రుమన్నది" అన్నది. నడుము పట్టీకి 5 అంగుళాల కింద, రెండున్నర అంగుళాల నిలువు చిరుగు. మొదటి చుట్టులో నాకు పలుచగా అనిపించి, పరవాలేదనుకున్న చోటే. 8 అంగుళాల పట్టీ పైన తీసేశాక ఆ పలుచని చోటు లంగాలో నడుముకు కొద్దిగా కింద, సరిగ్గా వెనక్కి వచ్చి కూర్చుంది. అమ్మమ్మ కూర్చున్నప్పుడు ఏ పోగులు సాగాయో, మనవరాలు కూర్చున్నప్పుడు ఆ పోగులే మళ్ళీ సాగాయి.

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లాగి చూసినప్పుడు నిలబడిన గుడ్డ ఎందుకు చిరిగింది? కారణం వెతికితే నా దగ్గరే దొరికింది. నూలు తడిసినప్పుడు పొడిగా ఉన్నప్పటి కంటే గట్టిగా ఉంటుంది. నేను ఉతికిన రోజు సాయంత్రమే, ముట్టుకుంటే చల్లగా తగిలే చెమ్మ ఇంకా మిగిలి ఉండగానే లాగి చూశాను. ఆ చెమ్మ బలాన్ని గుడ్డ బలం అనుకున్నాను. మరునాడు పొడిగా ఉన్న ముక్కను అదే చోట లాగితే అంతకంటే తక్కువ బలానికే పోగులు విడిపోయాయి. అప్పటి నుంచి ఉతికిన గుడ్డను రెండు రాత్రులు గాలికి ఉంచిన తరువాతనే పరీక్షిస్తున్నాను. పట్టుకు, రేయాన్‌కు ఇది తలకిందులు, అవి తడిస్తే బలహీనపడతాయి. ఇదే పని గద్వాల చీరె మీద చేసి ఉంటే మరింత తికమక అయ్యేది. దాని నేల, అంటే అంచూ కొంగూ కాని భాగం, నూలు; అంచూ కొంగూ పట్టు. చెమ్మ మీద లాగితే నేల ఉన్నదాని కంటే గట్టిగా, అంచు ఉన్నదాని కంటే మెత్తగా తోచి, రెండూ తప్పుదారి పట్టిస్తాయి. గద్వాల చీరెను నేల, అంచు విడివిడిగా, పూర్తిగా ఆరిన తరువాతే చూడాలి.

సరిదిద్దడానికి మూడు దారులు ఉన్నాయి. చిరుగు వెనక పంచె ముక్క పెట్టి రఫ్ఫు చేయడం అన్నిటికంటే సులువు. అయితే అతుకు గట్టిగా ఉండి చుట్టూ ఉన్న గుడ్డ బలహీనంగా ఉంటే చిరుగు అతుకు అంచు వెంట మళ్ళీ పుడుతుంది. రెండవది, ఆ భాగం మొత్తాన్ని నిలువునా తీసివేసి లంగా చుట్టుకొలత తగ్గించడం. అలా చేసినా నడుము కింద ఉండే ఒత్తిడంతా పాత గుడ్డ మీదే పడుతుంది. నేను మూడవ దారి పట్టాను. లంగాను నడుము నుంచి 8 అంగుళాల కింద చుట్టూ కోసివేసి, పై భాగం స్థానంలో కుచ్చులు లేని, పిరుదులకు సరిపోయే పట్టీని పెట్టాను. కూర్చున్నప్పటి సాగుడంతా ఆ పట్టీ మోస్తుంది, కుచ్చులు పోసిన పాత గుడ్డ దాని కింద తేలికగా వేలాడుతుంది.

పట్టీకి గుడ్డను 150, 172 మధ్య, ఎద మీది భాగం నుంచి తీశాను. అది 22 అంగుళాల ముక్క, అంచులు పోగా 40 అంగుళాల పన్నా. పట్టీ 9 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల పొడవు ఉండాలి కనుక ముక్కను పక్కకు తిప్పి పన్నా వెంట కోశాను. అలా తిప్పడం వల్ల సాగుడు మోసే భారం పడుగు నుంచి పేకకు మారింది, ఈ చీరెలో పేకే గట్టిగా ఉందని పొడి గుడ్డ మీద చేసిన పరీక్షలో తేలింది. బుటా వజ్రాకారం కాబట్టి పక్కకు తిరిగినా తేడా కనిపించలేదు. అదే నెమలో, ఏనుగో అయితే ఈ దారి మూసుకుపోయేది. పట్టీ ముక్కకు, దాని కింద వేసే పంచె ముక్కకు నాలుగు వైపులా చేత్తో టాకాలు వేసి, రెండూ ఒకే గుడ్డ అన్నట్టు కలిపి కుట్టాను. లైనింగ్‌ను విడిగా వేలాడదీయడం వేరు, ఇలా పొరగా కలపడం వేరు. పొరగా కలిపినప్పుడే లాగుడును రెండు గుడ్డలూ పంచుకుంటాయి.

ఈ మార్పుతో జాకెట్టుకు అనుకున్న గుడ్డ తగ్గిపోయింది, 13 అంగుళాలే మిగిలింది. కింద 4 అంగుళాల అంచు పట్టీ జోడించి పొడవు జాకెట్టుగా మార్చాను, ఆ పట్టీ లంగా కోసినప్పుడు పైన మిగిలిన 8 అంగుళాల ముక్క నుంచి వచ్చింది. చేతులు కూడా దాని నుంచే తీశాను, అంచు చేతి చివరకు వచ్చేటట్టు చూసుకున్నాను. చప్పట్లు కొడుతూ వంగినప్పుడు వీపూ చంకలూ సాగుతాయి. కొత్త గుడ్డలో అయితే కోతను కొంచెం వదులు చేసి ఊరుకుంటాము. పాత గుడ్డలో ఆ వదులు చాలదు. లంగా నుంచి తీసేసిన 8 అంగుళాల భాగంలో కుచ్చిళ్ళ వైపు గుడ్డ గట్టిగానే ఉంది కాబట్టి అందులోంచి మూడంగుళాల చదరాలు రెండు కోసి, ఒక్కొక్క చంకలో మూలకు మూల కలిపి కుట్టాను. చెయ్యి ఎత్తినప్పుడు ఆ చదరం విచ్చుకుంటుంది, లాగుడు కుట్టు మీదికి రాదు. ఈ చదరం కుట్టడం ఓపికతో కూడిన పని, నాలుగు మూలల్లో సూదిని గుడ్డలోనే నిలిపి, మిషన్ పాదం లేపి, గుడ్డను తిప్పుకుంటూ పోవాలి.

మొత్తం నాకు పట్టింది 19 గంటలు. కొత్త గుడ్డతో ఇలాంటి లంగా జాకెట్టు 6 గంటల్లో అయిపోతుంది. పాత బట్టే కదా అని కూలి తగ్గించమని అడిగేవాళ్ళు ఎక్కువ. ఫాల్ విప్పడం, కుంకుడు రసంలో ఉతకడం, పరిచి చూడడం, లాగి చూడడం, ఇవన్నీ కుట్టుపని కిందే లెక్కకు రావాలని నా గట్టి అభిప్రాయం. టీచరమ్మకు గంటల లెక్క రాసి చూపించాను, నా తప్పు వల్ల రెండోసారి చేసిన 5 గంటలు అందులోంచి తీసివేశాను. ఆమె మారుమాట లేకుండా ఇచ్చారు. కొంగు భాగాన్ని కోసిన వైపు సన్నగా చేతి కుట్టుతో మడిచి, పిన్ను రంధ్రాలను అలాగే వదిలి, మడతపెట్టి ఇచ్చాను. జల్లెడలా అయిన 122, 138 మధ్య ముక్క దేనికీ పనికిరాకపోయినా, పంచెలో మిగిలిన భాగంతో పొరలు వేసి చిన్న బొంతగా కుట్టిస్తానని ఆమె తీసుకుపోయారు.

పండుగ అయిన వారం తరువాత పిల్ల లంగా పట్టుకొని వచ్చింది. సద్దుల నాడు చీకటి పడే దాకా ఆడిందట. ఎడమ చంకలో చదరం వెనక వైపు కుట్టు ఒక అంగుళం విడిపోయింది. భూతద్దం పెట్టి చూశాను. దారమే తెగింది, గుడ్డలో ఒక్క పోగు కూడా కదలలేదు. పాత కుట్టు రంధ్రాల్లోనే చేతి సూదితో మళ్ళీ కుట్టి ఇచ్చాను. అంచు పైన ఉన్న టక్‌ను వచ్చే ఏడాది విప్పవలసి వస్తుందని, అప్పుడు రెండంగుళాల ముదురు పట్టీ బయటికి వస్తుందని చెప్పాను. అది అమ్మమ్మ కొన్ననాటి అసలు రంగని తెలిసిన తరువాత, ఆ టక్‌ను ఇప్పుడే విప్పమని పిల్ల పట్టుబట్టింది.